తేనెటీగలకు ఆవిరి పట్టించిన మా బావ

నేను ఐదో తరగతి దాకానే చదువుకున్నాను. కాగితం మీద ఇంత పొడుగు ఎన్నడూ రాయలేదు. రాస్తుంటే చేతికి చెమట పడుతోంది. మా మహిళా సంఘంలో ఒకామె "నీ ఈగల ముచ్చట రాయరాదే, సదివి నవ్వుకుంటం" అంది. అందుకే కూర్చున్నాను. జరిగినప్పుడు నాకైతే నవ్వు రాలేదు. మీకు వస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

మాది సిద్దిపేట నుంచి నారాయణరావుపేట పోయే దిక్కు ఒక ఊరు. మా దగ్గర ఆడపిల్ల బడి మానేసిన మర్నాడే బీడీల చేట ఒళ్లోకి వస్తుంది. నాకూ అట్లాగే వచ్చింది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. పెళ్లయి అత్తగారింటికి వచ్చాను. ఇక్కడా చేటే. తేడా ఒక్కటే, ఇక్కడ పక్కన అత్తమ్మ కూర్చుని నాకన్నా జోరుగా చుట్టేది. కొన్నేళ్లకు నాకు దగ్గు పట్టుకుంది. దవాఖానకు పోతే డాక్టరమ్మ ఛాతీ ఫోటో చూసి తంబాకు ముట్టొద్దంది.

"నేను బీడీ తాగనమ్మా" అన్నాను.

"ఆ పొడి పొద్దంతా పీలుస్తున్నవు గదా. తాగినా ఒకటే, చుట్టినా ఒకటే" అంది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. అత్తమ్మ చేట మీంచి తల ఎత్తలేదు. "నా జిందగీ అంత చుట్టిన. నాకేమైంది?" అంది. అన్నాక చాలాసేపు దగ్గింది.

ఆ రోజుల్లోనే ఒక ఆఫీసు వాళ్లు మా సంఘానికి తేనెటీగల పెట్టెలు ఇచ్చారు. తెల్లటి చెక్క పెట్టెలు, లోపల ఫ్రేములు, వాటి నిండా ఇటాలియన్ ఈగలు. అందరం తీసుకున్నాం. ఊరికే వస్తే మేం ఏదైనా తీసుకుంటాం. నెల తిరగకముందే ఒకామె పెట్టెలో ఈగలు లేచిపోయాయి, ఆమె అందులో కోడిని పొదగేసింది. ఇంకొకామె ఇంట్లో ఖాళీ పెట్టె టీవీ కింద స్టూలయింది. కుట్టించుకుని విసిగిపోయిన మిగతావాళ్లు తమవి తెచ్చి నా నెత్తిన పెట్టారు. అట్లా మా మునగ చెట్ల కింద ఆరు పెట్టెలయ్యాయి. నాకు ఎందుకో ఆ పని పట్టుబడింది. ఈగలు కుడితే మంట పుడుతుంది గానీ దగ్గు రాదు.

మా ఇంటాయన ట్రాలీ ఆటో నడుపుతాడు. ఆయనకు ఈగలంటే భయం. నా పెట్టెల గురించి ఏం చెప్పాలన్నా ఆటోలో కూర్చుని, ఇంజన్ ఆన్ చేసి పెట్టుకునే చెబుతాడు.

చేట వదిలేస్తానంటే అత్తమ్మ ఊరికే ఒప్పుకోలేదు. మాకు ఆకూ తంబాకూ ఇచ్చి బీడీలు తీసుకుపోయే టేకేదారును ఇంటికి పిలిపించి పంచాయితీ పెట్టింది. ఆయన చాలా పెద్దమనిషి తరహాగా, "పొద్దుతిరుగుడు పూలు వచ్చేదాక చూడు చెల్లె. ఈగలు బతికి తేనె పెడితే నీ ఇష్టం. లేకుంటే నీ జాగ నీకున్నది. మల్ల ఒకపాలి వచ్చి అడుగుత. అప్పుడు రానంటె ఆ జాగ ఇంకొకలకు ఇస్త" అన్నాడు. అంటే ఈగలు బతికితే నా ఊపిరి నాది. చస్తే మళ్లీ తంబాకు ముందు కూర్చోవాలి. ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసీ ఎవరి తెలివి వాళ్లు చూపించారు.

వానలు తగ్గాక, చలి మొదలయ్యే ముందు, పెట్టెల గుమ్మాల ముందు కొన్ని ఈగలు పాకుతూ కనిపించాయి. వాటి రెక్కలు ముడుచుకుపోయి నలిగిన కాగితంలా ఉన్నాయి. ఎగరలేక గడ్డిలో పడి కొట్టుకుంటున్నాయి. అత్తమ్మ వచ్చి వంగి చూసి తేల్చేసింది.

"అమ్మవారు పోసింది."

"ఈగలకా అత్తమ్మా?"

"ఏం, పానం లేదా వాటికి? పోచమ్మకు చిన్నా పెద్దా ఉంటదా?"

వేపమండలు తెచ్చి ప్రతి పెట్టెకూ కట్టింది. పసుపు నీళ్లు చల్లింది. నీళ్లు మీద పడ్డ ఈగలు ఆమె నుదుటి మీద కుట్టాయి. పోచమ్మకు మా ఇంటి మీద కోపం ఉందని దాంతో రుజువైపోయింది.

నేను ఆఫీసు సారుకు ఫోన్ చేశాను. ఆయన వచ్చాడు. ముఖానికి జాలీ, చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు అన్నీ వేసుకుని రోడ్డు మీదనే నిలబడ్డాడు. అక్కడి నుంచే నాతో పని చేయించాడు. ఫ్రేము మీది ఈగలను కొన్ని సీసాలోకి దులపమన్నాడు, పొడి చక్కెర వేసి ఊపమన్నాడు, జాలీ మూత నుంచి తెల్ల కాగితం మీదికి రాల్చమన్నాడు. చక్కెరతో పాటు ఎర్రటి చిన్న పురుగులు రాలాయి. ఆవగింజను నొక్కి పలచగా చేసినట్టున్నాయి. కాళ్లు ఆడిస్తున్నాయి.

"అదే! వర్రోవా నల్లి!" అని సారు రోడ్డు మీద నుంచి సంబరంగా అరిచాడు. ఎన్నాళ్లుగానో వెతుకుతున్న చుట్టం దొరికినట్టు అరిచాడు.

అత్తమ్మ ఆ సీసా వైపే చూస్తోంది. "ఛాయ్ల ఏసుకుందామంటె చక్కెర లేదంటివి. గిప్పుడు ఈగల మీద పోస్తున్నవా?" అంది.

మర్నాడు సంఘం ఇంట్లో సారు శిక్షణ పెట్టాడు. భోజనం కూడా ఉందని తెలిసి ఊళ్లో సగం మందికి తేనెటీగల మీద ప్రేమ పుట్టింది. అత్తమ్మ వచ్చింది. మా బావ కూడా వచ్చాడు.

బావ అంటే మా ఇంటాయన అన్న. చాలా ఏళ్లు భీవండిలో ఉన్నాడు, అక్కడ మగ్గాల కార్ఖానాల్లోనూ, బట్టలకు రంగు వేసే కార్ఖానాల్లోనూ పనిచేసి ఈమధ్యే ఇంటికి చేరాడు. మంచివాడే. చెడ్డవాడైతే ఇంత నష్టం జరిగేది కాదు. చెడ్డవాడిని పెట్టెల దగ్గరికి రానివ్వం కదా. బావకు తెలియనిది లేదు. మోటారు చెడినా, బర్రె ఈనకపోయినా, ఎవరికైనా కడుపునొప్పి వచ్చినా భీవండిలో అచ్చం అట్లాంటిదే ఒకటి జరిగి ఉంటుంది. దాన్ని ఆయనే బాగుచేసి ఉంటాడు.

సారు గోడ మీద బొమ్మలు చూపిస్తూ, ఈ నల్లికి విషపు మందులు వాడొద్దు, సేంద్రియ ఆమ్లాలు వాడాలి అన్నాడు.

ఒకామె లేచి, "సార్, సేంద్రియమంటె పెండ, ఆవు మూత్రమే గదా?" అని అడిగింది.

"కాదమ్మా. ప్రకృతిలో ఉండేదే. ఇప్పుడు చీమ కుడితే మంట పుడుతుంది కదా, ఆ మంట పుట్టించేదే ఇది. ఫార్మిక్ ఆమ్లం."

"గట్లయితె గండుచీమలను దంచి రసం తీస్తె సరిపాయె గదా సారూ" అంది అత్తమ్మ.

"మంచి ప్రశ్న" అన్నాడు సారు. జవాబు తెలియని ప్రతి ప్రశ్నకూ ఆయన అట్లాగే అంటాడు.

టైల్స్ మరకలు కడిగే ఆక్సాలిక్ అని ఇంకొకటి ఉందట. దాన్ని చక్కెర పాకంలో కలిపి ఈగల మీద చుక్కలు చుక్కలుగా పోస్తారట. కానీ మా పెట్టెల్లో పిల్ల పురుగులు నిండుగా ఉన్నాయి, నల్లి అవి పెరిగే మూసిన మైనం గదుల్లో దాక్కుంటుంది, అక్కడిదాకా పోయేది ఫార్మిక్ ఆవిరి ఒక్కటే అన్నాడు. ఇంజెక్షన్ సీసాలాంటి చిన్న సీసాలో కొద్దిగా పోసి, దూది వత్తి పెట్టి, చల్లటి సాయంత్రం పెట్టె అడుగున ఉంచాలి. ఆవిరి మెల్లగా పైకి లేస్తుంది. చేతి మీద పడితే చర్మం కాలుతుంది, పీలిస్తే ఊపిరి పట్టేస్తుంది, జాగ్రత్త అన్నాడు. చివర్న "సేంద్రియం కాబట్టి పద్ధతిగా వాడితే భయం లేదు" అన్నాడు.

అందులో "పద్ధతిగా వాడితే" అన్న రెండు మాటలు మా బావ చెవి దాకా పోలేదు. ఆ రోజు నుంచి ఆయన దారిలో ఎవరు ఎదురైనా, "సేంద్రియమే, ఏం కాదు. ఒంటికి పూసుకున్నా ఏం కాదు" అని చెప్పాడు. పాము కోరల్లో ఉండేది కూడా ప్రకృతిలో ఉండేదే అని అప్పుడు నాకు తోచలేదు. తోస్తే అనేదాన్ని.

సారు ఒక సీసా మందు నాకిచ్చి, ఎట్లా పెట్టాలో ఫోన్‌లో తన గొంతుతో రికార్డు చేసి పంపుతానన్నాడు. పంపాడు కూడా. కానీ ఆ రోజే ఇంకో కబురు చెప్పాడు. సిద్దిపేటలో పెద్ద మీటింగ్ ఉంది, పెద్ద అధికారులు వస్తున్నారు, నేను వచ్చి మాట్లాడాలి.

"నేనేం మాట్లాడుత సార్, ఐదు దాకనే సదివిన" అన్నాను.

"నువ్వు ఆదర్శ మహిళవమ్మా" అన్నాడు.

మీటింగ్ రోజు పొద్దున బయలుదేరుతూ, సాయంత్రం తిరిగొచ్చాక నేనే మందు పెడతానని ఇంట్లో చెప్పాను. ఇంటిల్లిపాదికీ ఫోన్ ఒక్కటే కాబట్టి, దాన్ని ఇంట్లో పెట్టి పోయాను. బావ దాన్ని అందుకున్నాడు.

"సారు చెప్పింది నేను ఇంట మర్దలా. నువ్వు నిమ్మళంగ పోయి రా. యాసిడ్ అంటె నాకు కొత్తనా? భీవండిల దాంట్లనే బతికిన."

"బావా, వినుండ్రి గంతే. నేనొచ్చినంక పెడదాం."

"ఫికర్ నక్కో, ఏం భయపడకు" అన్నాడు బావ. ఆయన హిందీలో మాట్లాడితే పని చెడుతుందని మా ఇంటాయనకు తెలుసు. తెలిసీ ఆటోలోంచి దిగకుండా ఇంజన్ స్టార్ట్ చేశాడు.

సిద్దిపేటలో హాలు నిండా జనం. వేదిక మీద నన్ను కూర్చోబెట్టారు. కుర్చీ మెత్తగా ఉంది, నాకు దాంట్లో వెనక్కి ఆనుకోవాలో ముందుకు వంగాలో తెలియలేదు. సారు మైకు నా నోటి దగ్గర పెట్టి, "వర్రోవాను నువ్వు ఎట్లా జయించావో చెప్పమ్మా" అన్నాడు.

"ఇంక మందు పెట్టలేదు సార్" అన్నాను. నా గొంతు హాలంతా మోగింది. "ఈ పొద్దు మాపటికి పెడదామనుకుంటున్న."

సారు మైకు లాక్కున్నాడు. "అంటే ఆమె ఉద్దేశం, జయించింది. అందరూ చప్పట్లు కొట్టండి" అన్నాడు. కొట్టారు. శాలువా కప్పారు. చల్లగా ఉంది, బాగానే ఉంది. ఆ చప్పట్లు కొడుతున్న వేళకే మా మునగ చెట్ల కింద బావ సారు గొంతు వింటున్నాడు.

ఆ రికార్డు తర్వాత నేనూ విన్నాను. మొదట సారు నమస్కారం చెబుతాడు. తర్వాత తాను ఎన్నెన్ని ఊళ్లలో పనిచేశాడో, ఎక్కడ ఎవరు మెచ్చుకున్నారో చెబుతాడు. మధ్యలో ఎవరో తలుపు తడితే "ఇప్పుడు కాదు" అంటాడు. తర్వాత "ఆవిరి పెట్టె అంతా పట్టాలి" అంటాడు. చాలాసేపటి తర్వాత, చిట్టచివర, ఎందుకో గుర్తొచ్చినట్టు, "అన్నట్టు, గుమ్మం పూర్తిగా తెరిచి ఉంచాలి, మూస్తే చస్తాయి" అంటాడు.

బావ "ఆవిరి పెట్టె అంతా పట్టాలి" దాకా విన్నాడు. అంతే, ఆయనకు అర్థమైపోయింది. ఇంక వినాల్సిన అవసరమేముంది? కరోనా వచ్చినప్పుడు ఊరు ఊరంతా చేసిన పనే కదా. గిన్నెలో మరుగుతున్న నీళ్లు, నెత్తి మీద దుప్పటి, చుట్టూ సందు లేకుండా కప్పుకోవడం. అప్పుడు అందరికీ ఆవిరి పట్టించింది బావే. మనుషులకు పట్టించినవాడు ఈగలకు పట్టించలేడా?

నేను ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. తోటలోకి తొంగి చూస్తే నా పెట్టెలు వరసగా జ్వరం వచ్చిన పిల్లల్లా కప్పుకుని ఉన్నాయి. ఒకదాని మీద మా పెళ్లి దుప్పటి. ఒకదాని మీద బొంత. ఒకదాని మీద బావ భీవండి నుంచి తెచ్చిన పూల రగ్గు. మరొకదాని మీద ఆటోకు కప్పే పట్టా. చివరి రెండు మాత్రం బోడిగా ఉన్నాయి. బావ ముక్కుకు రుమాలు కట్టుకుని, కుర్చీ వేసుకుని, రోగుల దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"గిదేంది బావా?"

"ఆవిరి పడుతున్న మర్దలా. ఇంక జరసేపు ఆగు."

"తలుపులు ఏవి? గుమ్మాలు?"

"బట్ట గుక్కిన. ఆవిరి బయటికి పోతె ఏం లాభం? మందు సుత సారు చెప్పినదానికంటె జర ఎక్కువనే పోసిన. సేంద్రియమే గదా."

"ఈగలు ఏమంటున్నయ్?"

"మొదలు లొల్లి చేసినయ్. లోపల మస్తు గుయ్యిమన్నయ్. ఇప్పుడు నిమ్మళమైనయ్. పండుకున్నట్టున్నయ్."

నేను పరుగెత్తి పెళ్లి దుప్పటి లాగేశాను. గుమ్మంలో బట్ట ఊడదీశాను. ఘాటు గుప్పుమని కళ్లలో నీళ్లు తిరిగాయి. మూత ఎత్తితే లోపల చప్పుడు లేదు. ఫ్రేముల మధ్య ఈగలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, బయటికి పోవడానికి గుమ్మం వైపు తోసుకుని, అట్లాగే ఉండిపోయాయి. పెట్టె అడుగు కనిపించలేదు, అంత మందంగా ఉన్నాయి. రాణి ఈగ కూడా వాటి మధ్యే చచ్చి దొరికింది. తర్వాతి మూడు పెట్టెలూ అంతే. శాలువా ఇంకా నా భుజం మీదే ఉంది.

బావ వచ్చి పక్కన నిలబడ్డాడు. కింద చచ్చిన ఈగలను పుల్లతో కదిలించి, వంగి చూసి అన్నాడు, "ఇగో, ఒక్క పురుగన్న బతికున్నదా జూడు."

నిజమే. ఒక్క నల్లి కూడా బతికి లేదు. అది పట్టుకుని వేలాడడానికి ఈగ కూడా లేదు.

చివరి రెండు పెట్టెల్లో మాత్రం ఈగలు తిరుగుతున్నాయి. కోపంగా, చిందరవందరగా, కానీ తిరుగుతున్నాయి. అది బావ దయ కాదు. అత్తమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఆమె గొంగడి. కుడి చెయ్యి బూరెలా ఉబ్బింది.

"నీ బావకు బుద్ధి లేదు" అంది. "ఇంట్ల దుప్పట్లు చాలలేదని నా గొంగడి గుంజుకపోయిండు. గింత పెద్దగున్నది, రెండిటికి సరిపోతదని కప్పిండు. గది మీ మామ గొర్ల ఎంబడి పొయ్యేటప్పుడు కప్పుకున్నది. ఈగలకు కప్పుతడా? పొయ్యి గుంజుకచ్చిన. గది అంచులు తీస్కపోయి తలుపులల్ల గుక్కిండు దొంగ సచ్చినోడు. గుంజంగనే ఈగలన్ని బయటికొచ్చి నన్నే పట్టినయ్."

అట్లా నా రెండు పెట్టెలు బతికాయి. ఒకరి తెలివి వల్ల నాలుగు పోయాయి, ఇంకొకరి గొంగడి మీద మమకారం వల్ల రెండు మిగిలాయి. నా కష్టం ఈ లెక్కలో ఎక్కడా లేదు.

రెండు రోజులు పోయాక అత్తమ్మ, "నాకు ముందే తెల్సు, ఈగలకు గాలాడాలె అని, అందుకే గుంజిన" అని ఊళ్లో చెప్పడం మొదలుపెట్టింది.

సారు వచ్చాడు. రోడ్డు మీద నుంచే తల పట్టుకున్నాడు. "నేను స్పష్టంగా చెప్పాను కదమ్మా, గుమ్మం తెరిచి ఉంచాలని" అన్నాడు. రికార్డు మొత్తం పెట్టి వినిపించాను. తన గొంతు వినడం ఆయనకు ఇష్టమనుకుంటాను, చివరిదాకా కదలకుండా విన్నాడు. తర్వాత బతికిన రెండు పెట్టెల పక్కన నన్ను నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు. చచ్చిన నాలుగూ ఫోటోలో పడకుండా చాలాసేపు అటూ ఇటూ జరిగాడు. పోతూ పోతూ, "మిగిలిన రెండింటికీ మందు మళ్లీ పెట్టాలి. వాటికి సరిగా పట్టలేదు, నల్లి అట్లాగే ఉంటుంది" అని చెప్పాడు.

చక్కెర పోసి చూశాను. ఉంది. ముందుకన్నా ఎక్కువే రాలింది.

పెట్టకపోతే నల్లి తింటుంది. పెడితే మందు చంపుతుందేమో. ఎట్లా పోయినా దారి తంబాకు దగ్గరికే పోతోంది. పొద్దుతిరుగుడు ఇంకా మొగ్గ కూడా తొడగలేదు. మా ఇంటాయన ఆటోలోంచి, "ఊకోరాదు ఇగ, ఎట్లయితె అట్లయితది" అన్నాడు. ఎట్లయితే అట్లయ్యేది నా ఛాతీకి, ఆయన ఆటోకు కాదు. ఆ మాట పైకే అన్నాను. ఆయన ఇంజన్ ఆపేశాడు. నాకు గుర్తున్నంతలో అట్లా ఆపడం అదే మొదటిసారి.

చల్లబడిన ఒక సాయంత్రం చూసుకుని నేనే దిగాను. చేతులకు తొడుగులు వేసుకున్నాను, ముఖానికి తడి బట్ట కట్టుకున్నాను. బావ ముందే తయారై నిలబడ్డాడు.

"నేను పట్టుకుంట మర్దలా, నీకు చెయ్యి వణుకుతుంది."

నిజమే, వణుకుతోంది. కానీ ఆయన చెయ్యి వణకదు, అదే నా భయం.

"బావా, మీరు ఇంతకన్న పెద్ద పని చెయ్యాలె" అన్నాను. "తోట మొదట్ల, రోడ్డు కాడ నిలబడుండ్రి. ఎవ్వలు దుప్పటి పట్టుకొని వచ్చినా, ఎవ్వలు సలహా చెప్తానని వచ్చినా లోపలికి రానియ్యొద్దు. మీరు సుత అక్కడి నుంచి కదలొద్దు. మీరు కదిలితె ఎవ్వలన్న వస్తరు."

బావ ముఖం వెలిగిపోయింది. కట్టె ఒకటి తీసుకుని సిపాయిలా పోయి నిలబడ్డాడు. ఆయన దగ్గరి నుంచి పెట్టెలను కాపాడడానికి ఆయన్నే కాపలా పెట్టానని ఆయనకు ఈరోజుకూ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. చదవడు.

మొదటి పెట్టె గుమ్మం పూర్తిగా తెరిచాను. ఊపిరి బిగబట్టి, కొలిచిన మందు చిన్న సీసాలోకి వంచాను. ఒక్క చుక్క తొడుగు మీద పడితే గడ్డికి తుడిచాను. సీసాను అడుగున ఉంచాను, దూది వత్తి సర్దాను. రెండో పెట్టెకు పోయాను. పెద్ద సీసా ఒక చేతిలో, చిన్నది ఇంకో చేతిలో. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద బండి ఆగిన చప్పుడు, తర్వాత టేకేదారు గొంతు వినిపించాయి.

"ఏమన్నా, చెల్లె ఉన్నదా? జాగ సంగతి అడుగుదామని వచ్చిన. ఈగలు సచ్చినయట గదా. రేపటి నుంచి ఆకు పంపన్నా?"

"లోపలికి పోవొద్దు" అన్నాడు బావ.

"నేనన్నా, టేకేదారును."

"ఎవ్వలైనా పోవొద్దు. ఆర్డర్."

"ఎవ్వలి ఆర్డరే? ఓ చెల్లే! ఇనబడుతుందా? వస్తవా, రావా? ఒక్క మాట చెప్పు! ఇయ్యాల చెప్పకుంటె నీ జాగ అవతలామెకు ఇయ్యాలె!"

నా నోటికి తడి బట్ట ఉంది. ఊపిరి బిగబట్టి ఉన్నాను. సీసాలు కింద పెట్టి, పది అడుగులు వేసి, ఒక్క చెయ్యి ఊపితే చాలు. నాలుగు పెట్టెలు పోయాయి, ఈ రెండూ పోతే ఆ జాగ అయినా మిగులుతుంది. అంతా తెలుసు. మూత తీసిన సీసా చేతిలో అట్లాగే ఉంది. నేను దాన్ని కింద పెట్టలేదు. చిన్న సీసాలోకి మందు వంచాను, ఈసారి చుక్క కూడా బయట పడలేదు.

"ఇనబడతలేదా ఏంది?" అని టేకేదారు అంటున్నాడు.

"ఇనబడుతుంది. మాట్లాడది" అన్నాడు బావ. "నువ్వు దుప్పటేమన్న తెచ్చినవా?"

"దుప్పటెందుకు తెస్తనే?"

"అయితె సలహా చెప్పనీకొచ్చినట్టే. నడువు, నడువు."

బండి స్టార్ట్ అయిన చప్పుడు విన్నాను. దూరమైపోవడం విన్నాను. రెండో పెట్టె మూత వేసి, నాలుగు అడుగులు పక్కకు పోయి, ముఖం మీది బట్ట తీసి గాలి పీల్చుకున్నాను.

బావ కట్టె భుజాన వేసుకుని వచ్చాడు. "ఒక్కన్ని సుత రానియ్యలే. బీడీలాయన వచ్చిండు, లొల్లి చేసిండు. ఎల్లగొట్టిన" అన్నాడు. భీవండిలో కూడా ఒకసారి అచ్చం ఇట్లాగే జరిగిందట, ఎవరో సేటును ఈయన గేటు దగ్గరే ఆపేశాడట. ఆ రోజు ఆ కథ నేను మొత్తం విన్నాను.

పొద్దున ఎవరూ లేవకముందే పోదామనుకున్నాను. కానీ పోలేక గడప దగ్గరే నిలబడ్డాను. ఎండ మునగ చెట్ల మీదికి వచ్చేదాకా అట్లాగే ఉన్నాను. లోపల నుంచి అత్తమ్మ లేచి వచ్చి, నన్ను చూసి, తానే తోటలోకి నడిచింది. వంగి మొదటి పెట్టె గుమ్మంలోకి చూసింది. తర్వాత రెండోదానిలోకి చూసింది. ఒక ఈగ ఆమె ఉబ్బిన చేతి మీద వాలింది. ఆమె కదలలేదు.

"అత్తమ్మా, ఏమున్నది?" అని అరిచాను.

"ఏముంటది? పనికి పోతున్నయ్" అంది. ఇంకా కిందికి వంగి, "కాళ్లకు పసుపు పచ్చగ ఏందో తెస్తున్నయ్. ఎక్కడ పూసినయే గిప్పుడు పూలు?" అని అడిగింది.

ఈగలు పుప్పొడి తెస్తున్నాయంటే లోపల రాణి బతికే ఉంది, పిల్ల పురుగులు మేత అడుగుతున్నాయి. నేను చెప్పులు లేకుండానే పరుగెత్తాను.